బడులు తెరచు నెల – మగబిడ్డల తల్లి

మన పంచాంగమునకు సంవత్సరాది ఉగాదితో వచ్చును. జమాఖర్చులు వ్రాసికొనువారికి ఏప్రిల్ మొదటి తేదీతో వచ్చును. బడికి పోవు పిల్లలు గల యింటికి మాత్రము సంవత్సరాది జూన్ నెలలోనే. తెలంగాణములో కొన్ని సంవత్సరములుగా జూన్ 12వ తేదీన బడులు తెరచుట వాడుకయైనది. ఏప్రిల్ నాలుగవ వారమున మూసిన తలుపులు ఏడు వారములకు మరల తెరచుకొనును. అంతకు నాలుగైదు దినములు ముందుగా మృగశిర కార్తె ప్రవేశించును. రోహిణి యెండలకు మాడిన నేలపై తొలకరి చినుకు పడు కాలమును, క్రొత్త పుస్తకముల వాసన యింటిలోనికి వచ్చు కాలమును మనకు ఒక్కటియే.

ఈ సంవత్సరాదికి పిండివంటలు లేవు. పనులు మాత్రము పండుగను మించియుండును. ఫీజులు, పుస్తకములు, దుస్తులు, బూట్లు, సంచులు, ఆటో ఏర్పాటు, వేకువను మేల్కొలుపుట, డబ్బా కట్టుట – ఇవన్నియు రెండు మూడు వారములలో ఒక్కమారుగా మీద పడును. వీనిలో అధికభాగము తల్లి చేతి మీదుగా జరుగును. ఇంట నున్నవారందరును మగపిల్లలే యైనచో ఆమె పని మరింత ఒంటరి పని యగును. “నీకేమమ్మా, ఇద్దరూ కొడుకులే” అని ఇరుగుపొరుగువారు దానిని అదృష్టముగా చెప్పుదురు. ఆ మాటలోనే ఒక చిక్కు దాగియున్నది. కూతురైనచో ఎనిమిదవ యేటనే చీపురు పట్టించు మనము, కొడుకునకు పదునెనిమిదేండ్లు వచ్చినను తిన్న పళ్లెము తీయనీయము. జూన్ నెలలో తల్లిపై పడు భారములో ఎంత భాగము కాలమువలన వచ్చినది, ఎంత భాగము మన అలవాటువలన వచ్చినది అను సంగతిని, గడ్డిఅన్నారమువంటి యొక పేటను కన్నులయెదుట నుంచుకొని విచారింతము.

గడ్డిఅన్నారము హైదరాబాదునకు తూర్పున, దిల్‌సుఖ్‌నగరు నానుకొని యున్నది. ఒకవైపు మూసీనది, మరియొకవైపు సరూర్‌నగరు చెరువు. 2007 వరకు ఇది తన పురపాలక సంఘము తనకు గల ఊరు. ఆ సంవత్సరము ఏప్రిల్ నెలలో మరి పదునొకండు పురపాలక సంఘములతోపాటు మహానగరపాలక సంస్థలో చేరినది. చాలకాలము దీని పేరు చెప్పగనే జనులకు జ్ఞప్తికి వచ్చినది కొత్తపేటలోని పండ్ల బజారు. వేసవి వచ్చినదన్న మామిడికాయల లారీలతో ఆ దారి క్రిక్కిరిసి యుండెడిది. 2021లో ఆ బజారు నగరము వెలుపలి బాటసింగారమునకు తరలిపోయినది. 2018 సెప్టెంబరునుండి మెట్రో రైలు ఈ మార్గమున ఎల్.బి.నగరు వరకు నడచుచున్నది.

నల్లగొండ, ఖమ్మము, మహబూబ్‌నగరు జిల్లాల పల్లెలనుండి బిడ్డల చదువుకొరకై వచ్చి, రెండు గదుల యిండ్లలో అద్దెకున్న కుటుంబములు ఈ ప్రాంతమున అనేకము. పల్లెలో నానమ్మయు, పెద్దమ్మయు, మేనత్తయు పంచుకొనిన పనిని ఇచ్చట ఒక్కతెయే చేయవలసియున్నది. ఊరినుండి సామాను వచ్చినది గాని సాయము రాలేదు. పైగా ఆ తల్లి ఒక దుకాణములోనో, కుట్టుమిషను మీదనో, ఆఫీసులోనో పనిచేయునదై యుండవచ్చును. అట్టి యిల్లాలికి జూన్ నెల ఎట్లు గడచునో వరుసగా చూతము.

మొదటి పని నిదురను దారికి తెచ్చుట. వేసవి సెలవులలో పిల్లలు డాబా మీద అర్ధరాత్రము వరకు కబుర్లాడి, ఎండ ముఖము మీద పడువరకు పండుకొందురు. ఏడు వారముల ఈ అలవాటు జూన్ 12వ తేదీ తెల్లవారుసరికి మారిపోవలెనన్న మారదు. చీకటి పడిన తరువాత మెదడులోని యొక చిన్న గ్రంథి మెలటోనిన్ అను ద్రవ్యమును విడుచును. నిదుర వేళ యైనదని దేహమునకు తెలుపునది అదియే. రాత్రి కన్నులకు వెలుగు తగిలిన కొలది, ముఖ్యముగా చేతిలోని ఫోను వెలుగు తగిలిన కొలది, ఆ కబురు ఆలస్యమగును. ఉదయకాంతి సోకినచో మరునాటి గడియారము ముందునకు జరుగును. అమెరికాలోని నిద్రావైద్యుల సంఘము 2016లో చెప్పిన లెక్క ప్రకారము, 6 మొదలు 12 ఏండ్ల వయసు పిల్లలకు దినమునకు 9 మొదలు 12 గంటలును, 13 మొదలు 18 ఏండ్లవారికి 8 మొదలు 10 గంటలును నిదుర కావలెను.

కావున బడి తెరచుటకు వారము పది దినములు ముందుగనే, దినమునకు పావుగంట చొప్పున పడకవేళను వెనుకకు తెచ్చుట మేలు. జూన్ నెలలో హైదరాబాదున సూర్యుడు 5 గంటల 40 నిమిషముల ప్రాంతమున ఉదయించును. ఆ వేళకు కిటికీ తలుపులు తీసియుంచినచో సగము పని వెలుగే చేయును. ఇచ్చట తల్లులు గుర్తింపవలసినది మరియొకటి కలదు. పదునాలుగేండ్ల పెద్దవాడు తమ్మునివలె తొమ్మిదింటికే నిదురపోలేకపోవుట సోమరితనము కాదు. యౌవనారంభమున దేహములోని గడియారము సహజముగనే గంట రెండు గంటలు వెనుకబడును. వానిని తిట్టుటకన్న, ఫోనును రాత్రి వేరొక గదిలో నుంచు నియమము పెట్టి, గడియారపు గంటను వాని చేతికే అప్పగించుట మంచిది. “అమ్మా, ఎందుకు లేపలేదు?” అను ప్రశ్న ఏ యింట నిలిచిపోవునో, ఆ యింట తల్లికి ఉదయమున అరగంట మిగులును.

రెండవది డబ్బు. మే నెల చివరి వారమున చేతిలోని పైకమునకు పది ముఖములు పుట్టును. పిల్లలు ప్రైవేటు బడిలో నున్నచో ఫీజు, పుస్తకములు, దుస్తులు, రాకపోకలు అన్నియు ఇంటి మీదనే పడును. ప్రభుత్వపు బడిలోనైన పాఠ్యపుస్తకములను, దుస్తులను ఉచితముగా నిత్తురు. మధ్యాహ్న భోజనమును కలదు. ఈ భోజన పథకము దేశములో 1995లో ఆరంభమైనది. 2001లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆజ్ఞ తరువాత వండిన అన్నమే పెట్టవలెనను నియమము స్థిరపడినది. 2022–23 విద్యాసంవత్సరమున తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటవ తరగతినుండి ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్ల మాధ్యమము ప్రవేశపెట్టిరి. అప్పుడు పుస్తకములను ఒక పుటలో ఆంగ్లమును, ఎదుటి పుటలో తెలుగును ఉండునట్లు ముద్రించిరి. ఇది చిన్న సంగతిగా తోచవచ్చును. తెలుగులో చదువుకొనిన తల్లికి మాత్రము ఇది పెద్ద సంగతి. కొడుకు పాఠము తనకు తెలియదని వంటింటిలోనికి తప్పుకొన నక్కరలేక, ఆమె తెలుగు పుటను చదివి వానిని ప్రశ్నింపగలదు.

ఏ బడియైనను, ఇంటి లెక్కను పిల్లలకు చూపుట మంచిది. పండ్రెండేండ్ల బాలునకు కూడికలు, తీసివేతలు రాకపోవు. అద్దె యింత, బియ్యమింత, ఫీజు ఇంత, మిగిలినది ఇంత అని వానిచేతనే ఒక కాగితము మీద వ్రాయించినచో, బొమ్మలుగల ఖరీదు సంచి కావలెనను పట్టు చాలవరకు తానే సడలును. తల్లి ఒంటరిగా కూర్చుండి వేళ్ల మీద లెక్కించుకొను ఇబ్బందిని కొడుకు ఎరుగడు. ఎరుగని దానిని వాడు పంచుకొనలేడు.

దుస్తుల విషయమున ఇద్దరు కొడుకులున్న యింటికి ఒక సౌకర్యమును, ఒక చిక్కును కలవు. అన్న చొక్కా తమ్మునికి వచ్చును. అది సౌకర్యము. “నాకెప్పుడూ అన్నవేనా?” అని తమ్ముడు కన్నీరు పెట్టును. అది చిక్కు. దుస్తులు పాతవైనను సంచియో, నీళ్ల సీసాయో వానికి ప్రత్యేకముగా క్రొత్తది కొనియిచ్చుట అనుభవజ్ఞులైన తల్లులు చేయు ఉపాయము. పెద్దవాని కొలతలు తీయునప్పుడు ముందుచూపు కావలెను. మగపిల్లలు పండ్రెండు, పదునైదేండ్ల నడుమ ఒక్కసారిగా పెరుగుదురు. ఆ ఉరవడిలో కొందరు ఏడాదికి 8 మొదలు 10 సెంటీమీటర్ల వరకు పెరుగుదురు. ప్యాంటు క్రింది మడతను రెండు మూడంగుళములు లోపలికి వదలి కుట్టించినచో సంక్రాంతి తరువాత విప్పి పొడుగు చేసికొనవచ్చును. బూట్లు సాయంకాలము కొనవలెను. దినమంతయు నడచిన పాదము సాయంకాలమునకు కొంచెము ఉబ్బును. ఉదయము సరిపోయిన బూటు అప్పుడు బిగియును. వ్రేలి ముందు బొటనవ్రేలి వెడల్పంత చోటుండిన చాలును. ఏడాది వచ్చునని మరీ పెద్దవి కొనినచో మడమ ఒరసికొని పుండ్లు పడును.

పుస్తకములకు అట్టలు వేయుట పూర్వము ఇంటిల్లిపాదియు కూర్చుండి చేసిన పని. ఇప్పుడు చాల ఇండ్లలో రాత్రి పదింటికి తల్లి ఒక్కతెయే చేయుచున్నది. ఈ పనిని పూర్తిగా పిల్లలకు వదలివేయవచ్చును. మొదటి రెండు పుస్తకముల అట్టలు వంకరగా వచ్చును. మూడవది చక్కబడును. పేరు, తరగతి తామే వ్రాసికొనిన పుస్తకమును పిల్లలు త్వరగా పోగొట్టుకొనరు.

ఇంక పుస్తకముల సంచి. దీని బరువును గూర్చి మన దేశమున చాలకాలముగా చర్చ సాగుచున్నది. ప్రసిద్ధ నవలాకారుడు ఆర్.కె. నారాయణ్ రాజ్యసభ సభ్యుడుగా నుండి, 1989లో అచ్చట చేసిన ప్రసంగమున బడిపిల్లల వీపు మీది మోతను గూర్చియే మాటలాడిరి. తరువాత ఆచార్య యశ్‌పాల్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1993లో తన నివేదికను సమర్పించినది. బరువు వీపు మీదనే కాక మనస్సు మీదను ఉన్నదని, అర్థముకాని చదువే అన్నిటికన్న పెద్ద మోత యని ఆ సంఘము సారాంశముగా చెప్పినది. తెలంగాణ ప్రభుత్వము 2017లో తరగతివారీగా హద్దులు విధించినది. ఒకటి, రెండు తరగతులవారికి సంచితో కలిపి ఒకటిన్నర కిలో. పదవ తరగతివారికి 5 కిలోలు. 2020 నాటి జాతీయ విధానము ప్రకారము సంచి బరువు పిల్లవాని బరువులో పదవవంతును మించరాదు.

ఈ నియమము ఇంట అమలగుట సులభము. పిల్లవాడు 25 కిలోలున్నచో సంచి రెండున్నర కిలోలకు లోబడవలెను. చిల్లర దుకాణములోని త్రాసు మీద ఒకమారు తూచి చూచిన నిజము తెలియును. లీటరు నీటి సీసా ఒక్కటే కిలో బరువు. బడిలో మంచినీరున్నచో సగము సీసా చాలును. పట్టీలు రెండును రెండు భుజముల మీద నుండవలెను. బరువైన పుస్తకములు వీపునకు దగ్గరగా నుండవలెను. ఏ దినమున ఏ పుస్తకము అక్కరయో చూచి రాత్రియే సర్దుకొనుట పిల్లవాని పని. తల్లి సర్దినచో ఆమె భయముకొలది అన్ని పుస్తకములను పెట్టును. మోయువాడు సర్దుకొనినచో కావలసినవే పెట్టుకొనును.

ఉదయము వంటింటి సంగతి చెప్పవలసిన పని లేదు. జొన్నరొట్టె, ఉప్మా, పులిహోర, పెరుగన్నము – ఏది చేసినను అయిదింటికే పొయ్యి వెలుగవలెను. తెల్లవారుజామున కట్టిన సద్దిని పిల్లలు మధ్యాహ్నము తిందురు. నడుమ అయిదారు గంటలు గడచును. జూన్ నెల ఉక్కలో ఆ గంటలు ప్రమాదకరమైనవి. ఆహారమును చెడగొట్టు సూక్ష్మజీవులు 5 మొదలు 60 డిగ్రీల సెంటీగ్రేడు నడుమ వేగముగా వృద్ధిపొందును. వేడి అన్నమును వెంటనే డబ్బాలో నుంచి మూత బిగించినచో ఆవిరి నీరై అన్నము పాచిపోవును. పళ్లెములో పరచి ఆవిరి పోనిచ్చి కట్టవలెను. పులిహోర పులుపువలన, నూనెవలన కొంత నిలుచును. పెరుగన్నమునకు పాలు ఎక్కువగాను పెరుగు చెంచాడుగాను కలిపినచో మధ్యాహ్నమునకు కమ్మగా తోడుకొనియుండును. ఇదియంతయు తల్లులెరిగిన విద్యయే. కొడుకులు ఎరుగవలసినది దాని తరువాతి భాగము. సాయంకాలము ఇంటికి రాగానే డబ్బా తీసి, మెతుకులు పారవేసి, కడిగి బోర్లించుట వారి పని. మరునాటి ఉదయమున సంచిలోనుండి తీసిన, పులిసిన డబ్బాను తోముకొను దుఃస్థితి ఏ తల్లికిని రాకూడదు.

వానకాలము వచ్చినదన్న ఈ ప్రాంతమువారికి మరియొక భయము కలదు. సరూర్‌నగరు చెరువు కుతుబ్‌షాహీల నాటిది. దాని నీరు పోవు దారులలో కాలనీలు వెలసినవి. 2020 అక్టోబరు 13వ తేదీన కురిసిన మహావర్షమునకు ఆ చెరువు పొంగి, చుట్టుపట్ల కాలనీలు దినముల తరబడి నీటిలో నుండెను. ఆ సంవత్సరము కరోనా కారణముగా బడులు మూసియుండి, సెప్టెంబరు మొదటి తేదీనుండి పాఠములు దూరదర్శనమునందును, టీ–శాట్ అను ప్రసారములందును సాగుచుండెను. బడులు నడచుచున్న కాలమున అట్టి వాన వచ్చినచో పిల్లలెచ్చట నిలువవలెను? ఈ ప్రశ్నకు జవాబు జూన్ నెలలోనే ఇంటిలో కుదుర్చుకొనవలెను. వాన హెచ్చినచో బడిలోనే ఆగుట, నీరు పారు వీధిలో అడుగు పెట్టకుండుట, తెరచిన మ్యాన్‌హోలు ఎచ్చట నుండునో నీటిక్రింద తెలియదని గ్రహించుట, విద్యుత్ స్తంభమును తాకకుండుట – ఈ నాలుగును పిల్లలకు కంఠపాఠము కావలెను. నీరు కనబడినచో దుముకుట మగపిల్లలకు సరదా. ఆ సరదాకు హద్దు ముందే చెప్పియుండవలెను.

తొలకరితోపాటు దోమలును వచ్చును. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు దోమ పగటివేళ కుట్టును. నిలిచిన మంచినీటిలో గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్డు దోమయగుటకు సుమారు వారము, పది దినములు పట్టును. వేసవి ముగిసి మూలనున్న కూలరులోని నీరు, పూలకుండీల క్రింది పళ్లెములు, డాబా మీది పాత టైర్లు – వీనిని వారమునకొక్కమారు ఒంపివేసినచో ఆ వంశము తెగును. ఆదివారము ఉదయమున ఈ పనిని ఇద్దరు కొడుకులకు అప్పగింపవచ్చును. ఇది చదువునకు అడ్డు కాదు. విజ్ఞానశాస్త్రములోని యొక పాఠమును చేతితో చదువుట.

ఇంతవరకు చెప్పిన ప్రతి పనికిని చివర పిల్లల వంతు ఒకటి తేలుచున్నది గదా. మన సమాజములో మగవారి వంతు ఎంత యున్నదో తెలుపు లెక్కయు కలదు. కేంద్ర ప్రభుత్వపు గణాంకశాఖవారు 2019లో దేశమంతట జనులు దినమును ఎట్లు గడపుదురో విచారించిరి. ఆరేండ్లు పైబడిన స్త్రీలలో నూటికి 81 మందికి పైగా దినమున జీతము లేని ఇంటిపని చేయుచుండగా, పురుషులలో అట్లు చేయువారు నూటికి 26 మంది మాత్రమే. చేయువారిలోను స్త్రీలు సగటున 299 నిమిషములు, పురుషులు 97 నిమిషములు ఆ పనికి అప్పుడు వినియోగించుచుండిరి. అనగా ఇల్లాలు సుమారు అయిదు గంటలు ఇంటిపనికే ఇచ్చుచున్నది. బడులు తెరచు నెలలో ఈ గంటలు ఆమె నిదురనుండియు, తిండినుండియు తీసికొనబడును. అందరు పోయిన తరువాత పదింటికి చల్లారిన ఉప్మా తిను తల్లి, తలనొప్పిని లెక్కచేయని తల్లి, ఆసుపత్రికి పోవలసిన పనిని “బడులు తెరచిన తరువాత చూతము” అని వాయిదా వేయు తల్లి – వీరిని మనమెరుగుదుము.

ఈ స్థితి మారవలెనన్న ఆరంభము కొడుకుల బాల్యమునందే జరుగవలెను. ఆరేడేండ్ల పిల్లవాడు నీళ్ల సీసా నింపుకొనగలడు, విప్పిన మేజోళ్లను చోటున పెట్టగలడు. తొమ్మిది పదేండ్లవాడు బూట్లకు పాలిష్ వేసికొనగలడు, డబ్బా కడుగగలడు, ఆరిన బట్టలు మడువగలడు. పదమూడు దాటినవాడు ఇస్త్రీ చేయగలడు, కూరగాయలు తేగలడు, కుక్కరులో అన్నము వండగలడు. తమ్ముని ఆటో వరకు దిగబెట్టగలడు. మొదటి పక్షము దినములు పని నెమ్మదిగా సాగును. నీరు ఒలుకును, అన్నము మెత్తబడును. “నేను చేసికొనుటే నయము” అని తల్లికి తోచును. ఆ క్షణమున ఓర్చుకొనుటయే ఈ విద్యలో కష్టమైన పాఠము. అది తల్లి చదువవలసిన పాఠము. తండ్రి చదువవలసిన పాఠము వేరొకటి కలదు. ఆయన తన కంచము తాను తీయని యింట కొడుకు తీయడు. పిల్లలు చెప్పినదానికన్న చూచినదానిని త్వరగా నేర్తురు.

దీనివలన మరియొక లాభము కలదు. క్రొత్త తరగతి, క్రొత్త ఉపాధ్యాయులు, విడిపోయిన స్నేహితులు – జూన్ నెలలో పిల్లల మనస్సున చాల కలతలుండును. మగపిల్లలు వానిని ఎదుట కూర్చుండబెట్టి అడిగిన చెప్పరు. “బడి ఎట్లున్నది?” అన్న “బాగున్నది” అందురు. పక్కపక్కన నిలిచి చిక్కుడుకాయలు తుంచుచున్నప్పుడో, బట్టలు మడచుచున్నప్పుడో, చూపు చేతిపని మీద నుండగా, మాట తనంత తాను బయటికి వచ్చును. వెనుక బల్ల మీద కూర్చుండబెట్టిరనియో, లెక్కలు అర్థమగుట లేదనియో, ఎవడో ఏడిపించుచున్నాడనియో తల్లికి అప్పుడు తెలియును. పని పంచుకొనిన యింట మాటయు పంచుకొనబడును.

కొడుకులను కష్టపెట్టుట దీని ఉద్దేశ్యము కాదు. నేడు గడ్డిఅన్నారములో తల్లి కట్టిన డబ్బా పట్టుకొని పోవు బాలుడు పదేండ్లకు ఏ ఊరి హాస్టలులోనో, ఏ దేశపు అద్దెగదిలోనో ఒంటరిగా నుండును. ఆ నాడు తన అన్నము తాను వండుకొనగలుగుట వానికి రక్ష. మరి కొన్నేండ్లకు వాడొక యింటివాడగును. ఆ యింటి జూన్ నెల ఎవరి వీపు మీద పడవలెనో నిర్ణయమగుచున్నది నేడు మన యింటనే. బడులు తెరచు నాటికి పిల్లల సంచిలో పుస్తకములెన్ని యున్నవని అందరును చూచుకొందురు. వారి చేతిలో ఇంటిపని ఒక్కటైనను ఉన్నదా యని కూడ ఈ సంవత్సరము చూచికొందము.